అర్జెంట్ కేరా, ఈఆరా: అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

రాత్రిపూటో వీకెండ్‌లోనో ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోకపోతే అమెరికాలో మన ఇళ్ళలో ముందు మొదలయ్యేది చర్చ. అర్జెంట్ కేర్‌కి వెళ్తే సరిపోతుందా, ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీ రూమ్‌కి) పోవాలా? ఆ చర్చలో రెండే విషయాలు నలుగుతాయి: నొప్పి ఎంత ఉంది, బిల్లు ఎంత అవుతుంది. రెండూ తప్పుదారి పట్టించేవే. ప్రాణం తోడేసే చెవిపోటుకు అర్జెంట్ కేర్ చాలు. పక్షవాతంలో చాలాసార్లు నొప్పే ఉండదు, కానీ గడిచే ప్రతి నిమిషానికీ మెదడు కొంత దెబ్బతింటూనే ఉంటుంది.

అసలు అడగాల్సింది వేరు. ఈ లక్షణాల వెనక ఉండడానికి వీలున్న ప్రమాదకరమైన జబ్బు ఏది? అది ఉందో లేదో తేల్చే పరీక్ష, ఉంటే చేయాల్సిన వైద్యం, మనం వెళ్ళబోయే చోట ఇప్పుడు దొరుకుతాయా? ఈ ప్రశ్న వేసుకోవడం అలవాటైతే చాలా సందర్భాల్లో జవాబు దానంతటదే వస్తుంది.

1. ఎక్కడ ఏం ఉంటుందో ముందే తెలుసుకోండి

అర్జెంట్ కేర్ అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళగలిగే క్లినిక్. చాలాచోట్ల రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో మూసేస్తారు. చూసేది డాక్టరే కానక్కర్లేదు, నర్స్ ప్రాక్టీషనరో ఫిజీషియన్ అసిస్టెంటో కావచ్చు. ఎక్స్‌రే, మూత్రం పరీక్ష, స్ట్రెప్ (గొంతు ఇన్ఫెక్షన్), ఫ్లూ, కోవిడ్ టెస్టులు, కుట్లు, కట్లు, మందుల చీటీ వరకు బాగా చూస్తారు. రక్తం తీసినా చాలాచోట్ల బయటి ల్యాబ్‌కి పంపుతారు, ఫలితం మర్నాటికి గానీ రాదు. సీటీ స్కాన్ సాధారణంగా ఉండదు. సర్జన్ ఉండడు. రాత్రికి పడుకోబెట్టి చూసే వీలు ఉండదు. ఫార్మసీలో ఉండే చిన్న క్లినిక్‌లలో ఇంతకన్నా తక్కువ; చాలావాటిలో ఎక్స్‌రే కూడా ఉండదు.

ఈఆర్ ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. సీటీ స్కాన్, అల్ట్రాసౌండ్, గంటలో ఫలితమిచ్చే ల్యాబ్, ఎక్కించడానికి రక్తం, అవసరమైతే పిలిపించే స్పెషలిస్టులు, ఆపరేషన్ థియేటర్, బెడ్డు ఉంటాయి. అన్ని ఆసుపత్రుల్లోనూ అన్నీ ఉండవు. గుండెకు స్టెంట్ వేయడం, మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను తీయడం లాంటివి కొన్నిచోట్లే చేస్తారు.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఛాతీనొప్పి దగ్గర తెలుస్తుంది. చాలా అర్జెంట్ కేర్‌లలో ఈకేజీ మెషీన్ ఉంటుంది. ఇండియాలో ఈసీజీ అంటామే, అదే. అది తీసి "నార్మల్" అంటే మనం ఊపిరి పీల్చుకుంటాం. కానీ గుండెపోటు వస్తున్నప్పుడు కూడా మొదటి ఈకేజీ మామూలుగానే ఉండవచ్చు. ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేసి, రెండూ పోల్చి చూస్తే గానీ గుండెపోటు కాదని గట్టిగా చెప్పలేరు. ఆ పని ఈఆర్‌లోనే జరుగుతుంది. అందుకే ఛాతీనొప్పి అనగానే అర్జెంట్ కేర్ వాళ్ళు చాలాసార్లు వాళ్ళే 911కి ఫోన్ చేస్తారు. ఆ గంట పోయినట్టే, రెండుచోట్లా బిల్లు వచ్చినట్టే.

2. చర్చ అక్కర్లేనివి: వెంటనే 911

ఇవి కనిపిస్తే కారు తాళాలు వెతకొద్దు, ఇండియాలో తెలిసిన డాక్టర్‌గారికి వాట్సాప్ చేయొద్దు. ఫోన్ తీసి 911 నొక్కండి.

- ఛాతీలో బరువు, బిగింత, నొప్పి, అది ఎడమ చెయ్యికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు
- మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, నడకలో తూలిపోవడం
- మాట్లాడలేనంత ఆయాసం, పెదాలు నీలంగానో బూడిద రంగులోనో మారడం
- స్పృహ తప్పడం, ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, మొదటిసారి వచ్చిన ఫిట్స్
- గట్టిగా అదిమి పట్టినా ఆగని రక్తం
- అలర్జీతో గొంతు బిగుసుకోవడం, నాలుక వాయడం, ఆయాసం
- ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడటం

గుండె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళలో దానికి ఉన్న మారుపేరు "గ్యాస్". రాత్రి భోజనం అయ్యాక నాన్నగారు ఛాతీ రుద్దుకుంటూ "గ్యాస్ పట్టేసింది, కాస్త ఈనో ఉంటే ఇవ్వు" అంటారు. నిజంగా గ్యాసే కావచ్చు. కానీ దక్షిణాసియా వాళ్ళకు గుండెజబ్బులు మిగతావాళ్ళకన్నా తక్కువ వయసులోనే వస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా కూడా రావడం ఉంది: ఒట్టి ఆయాసం, వికారం, దవడ లాగడం, కారణం లేని నీరసం, చెమటలు. పైకడుపులో మంటతో పాటు చెమట పట్టినా, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చినా దాన్ని గ్యాస్ అనుకోకండి.

పక్షవాతం విషయంలో గుర్తుంచుకోవాల్సింది టైమ్. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. కొందరికి రక్తనాళంలోకి తీగ పంపి గడ్డను తీసే పద్ధతి 24 గంటల వరకూ పనికొస్తుంది. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న, "మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" పొద్దున్నే లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే లెక్క లేచిన టైమ్ నుంచి కాదు, రాత్రి మామూలుగా మాట్లాడి పడుకున్న టైమ్ నుంచి. ఆ సమయం ఒక కాగితం మీద రాసి పెట్టండి. పక్షవాతం అనుమానం ఉంటే ఆస్పిరిన్ ఇవ్వకండి, కొన్ని పక్షవాతాలు మెదడులో రక్తస్రావం వల్ల వస్తాయి. నీళ్ళు కూడా తాగించకండి, పొలమారే ప్రమాదం ఉంది. గుండెపోటు అనుమానమైతే ఆస్పిరిన్ నమలమని 911లో మాట్లాడేవాళ్ళే చెప్పవచ్చు. అలర్జీ ఉందేమో, రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో అడిగి చెప్తారు.

"అంబులెన్స్‌కి ఎంత అవుతుందో, మనమే తీసుకెళ్దాం, పది నిమిషాలే కదా" అనిపిస్తుంది. పారామెడిక్స్ ఇంట్లోనే ఈకేజీ తీసి ఆసుపత్రికి ముందే కబురు పంపుతారు, మనిషి చేరేలోపు అక్కడ టీమ్ సిద్ధంగా ఉంటుంది. ఏ ఆసుపత్రిలో స్టెంట్ వేస్తారో, ఎక్కడ గడ్డ తీస్తారో వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు. దారిలో గుండె ఆగిపోతే మీ కారులో షాక్ ఇచ్చే మెషీన్ ఉండదు. ఈ మూడు కారణాల ముందు అంబులెన్స్ బిల్లు చిన్న విషయం.

3. ఎవరికి వచ్చిందో చూడండి

ఒకే లక్షణం మనిషిని బట్టి బరువు మారుతుంది. ముప్పై ఏళ్ళ కుర్రాడికి 101 జ్వరం వస్తే టైలెనాల్ (మన పారాసిటమాలే) వేసుకుని పడుకోవచ్చు. మూడు నెలల్లోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పాప నవ్వుతూ ఉన్నా సరే ఆ గంటలోనే డాక్టర్‌ని పిలవాలి, ఫోన్ దొరక్కపోతే ఈఆర్‌కి వెళ్ళాలి. నెల నిండని బిడ్డయితే ఫోన్ కూడా అక్కర్లేదు, నేరుగా ఈఆర్‌కే. ఆ వయసులో ఇన్ఫెక్షన్ రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకుతున్నా పైకి తెలియదు. కీమో తీసుకుంటున్నవాళ్ళకూ అవయవ మార్పిడి జరిగినవాళ్ళకూ కూడా 100.4 అనేది ఎమర్జెన్సీయే.

గర్భిణులది, బాలింతలది వేరే లెక్క. గర్భం మొదటి నెలల్లో ఒక పక్క కడుపునొప్పి, రక్తం కనపడటం ఉంటే గర్భం గర్భసంచి బయట నాళంలో ఉందేమో తేల్చాలి, దానికి అల్ట్రాసౌండ్ కావాలి. ఐదు నెలలు దాటాక ఏ తేడా వచ్చినా చాలా ఆసుపత్రుల్లో ఈఆర్ బదులు లేబర్ అండ్ డెలివరీ విభాగానికే పంపుతారు, ముందు మీ ఓబీ (కాన్పుల డాక్టర్) నంబర్‌కి ఫోన్ చేయండి. కాన్పు అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ప్రసవం తర్వాత ఆరు వారాల దాకా బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. బాలింతకు తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, బీపీ 160/110 దాకా పోవడం, ఆయాసం, గంటలో ఒక ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం ఉంటే ఈఆర్‌కి వెళ్ళి, మొదటి మాటగా "కాన్పయి ఇన్ని రోజులైంది" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు తలనొప్పి కింద జమకడతారు.

షుగర్ ఉన్నవాళ్ళకు వాంతులు మొదలై ఏమీ నిలవకపోతే, ఊపిరి బరువుగా తీస్తుంటే ఈఆర్. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం షుగర్ మరీ ఎక్కువ లేనప్పుడు కూడా ఉంటుంది. మీటర్ మీద అంకె బాగానే ఉందని ఇంట్లో కూర్చోవద్దు.

4. అర్జెంట్ కేర్‌లో బాగా జరిగే పనులు

చెవిపోటు, గొంతునొప్పి, సైనస్, దగ్గు, మామూలు జ్వరం, మూత్రంలో మంట, కళ్ళకలక, దద్దుర్లు, పురుగు కాటు, చిన్న కాలిన గాయాలు, లోతు లేని కోతలు, చీలమండ బెణుకు, వేలి విరుపు. వీటికి ఈఆర్‌కి వెళ్తే గంటలు గంటలు కూర్చోవాలి, బిల్లు చాలా ఎక్కువ. చీలమండ మడతపడితే ఒక చిన్న పరీక్ష ఉంది: నాలుగు అడుగులు వేయగలుగుతున్నారా? వేయలేకపోతే ఎక్స్‌రే కావాలి, అది అర్జెంట్ కేర్‌లోనే అవుతుంది. కాలు వంకర తిరిగినా, ఎముక బయటికి కనపడినా, వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కినా మాత్రం ఈఆర్.

5. ఎటూ తేలనివి

అసలు కష్టం ఇక్కడే ఉంటుంది.

కడుపునొప్పి. వాంతులు విరేచనాలతో మెలిపెట్టి వచ్చి పోయే నొప్పి చాలావరకు తగ్గిపోయేదే. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందకి దిగి, దగ్గినా నడిచినా పొడిచినట్టు ఉంటే అపెండిక్స్ అనుమానించాలి. కడుపు గట్టిపడినా, రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా అయినా అంతే. వీటికి సీటీ స్కానో అల్ట్రాసౌండో కావాలి, అర్జెంట్ కేర్‌కి వెళ్తే "ఈఆర్‌కి వెళ్ళండి" అనే కాగితం ఇస్తారు. అరవై దాటినవాళ్ళ కొత్త కడుపునొప్పిని నేనైతే నేరుగా ఈఆర్‌కే తీసుకెళ్తాను, ఎందుకంటే పెద్ద వయసులో లోపల ఎంత ఉన్నా పైకి తక్కువ కనిపిస్తుంది.

ఇండియా నుంచి వచ్చాక జ్వరం. సెలవులకి వెళ్ళొచ్చిన పిల్లాడికి జ్వరం వస్తే ఇక్కడ ముందు ఫ్లూ టెస్టు చేస్తారు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ మీరు చెప్తే గానీ వాళ్ళకు గుర్తురావు. "ఫలానా తేదీన ఇండియా నుంచి వచ్చాం" అనేది మొదటి వాక్యం కావాలి. మలేరియా ఉండే ప్రాంతం నుంచి వచ్చిన ఏడాది లోపు జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి, ఆ ఫలితం వెంటనే ఇవ్వగలిగేది ఆసుపత్రి ల్యాబే. డెంగీ అనుమానం ఉంటే ఐబూప్రోఫెన్ వద్దు, టైలెనాల్ మాత్రమే. డెంగీలో జ్వరం తగ్గుతున్న రోజే ప్రమాదం మొదలయ్యే రోజు: అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే ఈఆర్.

విమానం దిగాక కాలు వాపు. అమ్మానాన్నలు ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వస్తారు. రెండు పాదాలూ సమానంగా వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే గాభరా అక్కర్లేదు. ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టిందేమో అదే రోజు అల్ట్రాసౌండ్ తీయించాలి. చాలా అర్జెంట్ కేర్‌లలో అది ఉండదు, ముందు ఫోన్ చేసి అడగండి, లేదంటే ఈఆర్. దానికి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడవడం తోడైతే 911.

తలకు దెబ్బ. పిల్లలు మంచం మీంచి పడితే వెంటనే ఏడ్చి, కాసేపటికి మామూలుగా ఆడుకుంటుంటే చాలావరకు ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండవచ్చు. ఏడాదిలోపు పిల్లలైతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఒకటికి రెండుసార్లు వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మత్తుగా ఉండి లేవకపోవడం, తికమక మాటలు, చెవి నుంచో ముక్కు నుంచో నీళ్ళలాంటిది కారడం ఉంటే ఈఆర్. పెద్దవాళ్ళు క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే చిన్న దెబ్బకైనా, మనిషి బాగానే ఉన్నా సరే ఈఆర్‌కి తీసుకెళ్ళాలి. లోపల రక్తం నెమ్మదిగా చేరుతూ గంటల తర్వాత బయటపడవచ్చు.

పిల్లల ఆయాసం. చొక్కా విప్పి చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోందా, ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయా, మూలుగు వినిపిస్తోందా? ఉంటే ఈఆర్. పెదాలు నీలమైతే 911. పసిపిల్లలకు ఎనిమిది గంటలుగా డైపర్ తడవకపోవడం కూడా ఈఆర్ లక్షణమే.

కోతలు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు కదలకుండా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. ఆగితే, గాయం నోరు తెరిచి ఉంటే అర్జెంట్ కేర్‌లో అదే రోజు కుట్లు వేయించండి. వేలు వంచలేకపోతున్నా, కొస మొద్దుబారినా లోపల నరమో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడో తెగి ఉండవచ్చు, అది ఈఆర్ పని. గబ్బిలం తాకినా, ఎవరిదో తెలియని కుక్క కరిచినా సబ్బుతో బాగా కడిగి ఈఆర్‌కి వెళ్ళండి. రేబిస్‌కి టీకాతో పాటు వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కువగా ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది.

మగపిల్లల వృషణాల నొప్పి. సిగ్గుతో చెప్పరు, "కడుపునొప్పి" అంటారు. ఒక్కసారిగా మొదలైన నొప్పి అయితే మెలి తిరిగి రక్తం ఆగి ఉండవచ్చు, సుమారు ఆరు గంటల్లోపు సరిచేయకపోతే వృషణం పోయే ప్రమాదం ఉంది. పొద్దున్న చూద్దాం అనడానికి వీల్లేదు.

బీపీ అంకెలు. ఇంట్లో మెషీన్ 180/120 దాటి చూపిస్తే అందరికీ టెన్షన్. ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే 911. ఏ లక్షణమూ లేకపోతే కూర్చోబెట్టి, కొన్ని నిమిషాలాగి మళ్ళీ చూడండి. ఇంకా అంతే ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మాత్ర వేసుకోవడం మర్చిపోయారేమో కూడా అడగండి. ఒట్టి అంకె కోసం అర్జెంట్ కేర్‌కి పరుగెత్తితే అక్కడ ఒరిగేది తక్కువ.

6. పిల్లలు ఏదైనా మింగితే

ఇండియా నుంచి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు మందులు స్ట్రిప్పుల్లోనో రోజువారీ ప్లాస్టిక్ డబ్బాలోనో తెచ్చుకుంటారు. ఇక్కడి సీసాలకు ఉండే పిల్లలు తీయలేని మూత వాటికి ఉండదు. మంచం పక్కన పెట్టిన షుగర్ మాత్ర, గ్లిమిపిరైడ్ లాంటిది, ఒక్కటి మింగినా రెండేళ్ళ పిల్లవాడి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ గంటల తర్వాత. పిల్లవాడు బాగానే ఉంటే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, ఇంట్లో ఉండాలా ఈఆర్‌కి వెళ్ళాలా వాళ్ళే చెప్తారు. స్పృహ లేకపోయినా ఫిట్స్ వచ్చినా 911.

గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే మాత్రం నేరుగా ఈఆర్. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. వాంతి చేయించొద్దు. ఏడాది దాటిన పిల్లలకు, మింగి పన్నెండు గంటల లోపైతే, మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్ల దాకా. తేనె కోసం ప్రయాణం ఆపొద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె పనికిరాదు.

7. బోర్డు మీద ఏం రాసుందో చదవండి

స్ట్రిప్ మాల్‌లో, గ్రాసరీ స్టోర్ పక్కన, అచ్చం అర్జెంట్ కేర్‌లా కనిపించే ఈఆర్‌లు ఉన్నాయి. ఆసుపత్రికి అతుక్కుని ఉండవు కాబట్టి వీటిని ఫ్రీస్టాండింగ్ ఈఆర్ అంటారు. టెక్సాస్‌లో ఇవి చాలా ఎక్కువ. గొంతునొప్పికి వెళ్ళినా ఈఆర్ బిల్లే వేస్తారు, ఆ చోటు వాడుకున్నందుకు వేసే ఫెసిలిటీ ఫీజుతో సహా. బోర్డు మీద "ఎమర్జెన్సీ" అనే మాట ఉంటే అది ఈఆర్. అనుమానముంటే కౌంటర్‌లో "ఇది ఎమర్జెన్సీ రూమా, అర్జెంట్ కేరా? నాకు బిల్లు దేని కింద వస్తుంది?" అని అడిగాకే సంతకం పెట్టండి. వైద్యపరంగా వీటిలో సీటీ, ల్యాబ్ ఉంటాయి, కానీ సర్జన్, స్టెంట్, ఐసీయూ ఉండవు. గుండెపోటు, పక్షవాతం, పెద్ద యాక్సిడెంట్‌లకు ఇవి సరైన చోటు కావు.

8. అప్పటికీ తేలకపోతే ఫోన్

ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్స్ లైన్ నంబర్ ఉంటుంది, చాలా ప్లాన్‌లలో రాత్రీ పగలూ పనిచేస్తుంది. చాలామంది పిల్లల డాక్టర్ల ఆఫీసులకు రాత్రిపూట మాట్లాడే నర్సు ఉంటుంది. మూసేసిన ఆఫీస్ నంబర్‌కే ఫోన్ చేస్తే కలుపుతారు. మనసు బాగోక చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే 988కి ఫోన్ లేదా మెసేజ్. ప్రాణానికి ముప్పు ఆ క్షణంలోనే ఉంటే 911. ఫోన్ చేసినా జవాబు తేలకపోతే, మీకు లోపల గుబులుగానే ఉంటే ఈఆర్‌కి వెళ్ళండి.

9. తీసుకెళ్ళాల్సినవి, చెప్పాల్సినవి

మందుల జాబితా ఈరోజే రాసి ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. ఇండియా బ్రాండ్ పేర్లు ఇక్కడ పనికిరావు. డోలో అంటే తెలియదు, పారాసిటమాల్ అన్నా కొందరు తడుముకుంటారు. ఇక్కడ దాని పేరు అసిటమినోఫెన్. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని తెలియదు. ఎసిట్రోమ్‌లో ఉండే అసెనోకౌమరాల్ ఈ దేశంలో వాడనే వాడరు, కాబట్టి "రక్తం పలచబడే మందు, వార్ఫరిన్ లాంటిది" అని చెప్పాలి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు, అలర్జీలు, పాత ఆపరేషన్లు రాయండి. పాత ఈసీజీ ఉంటే దాని ఫొటో చాలా పనికొస్తుంది.

ట్రయాజ్ నర్సు (ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సు) దగ్గర కథ మొదటి నుంచీ చెప్పకండి. ముందు ఏమైంది, ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, రక్తం పలచబడే మందులున్నాయా, ఇంతే. వాళ్ళు ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేసి అందరికన్నా ప్రమాదంలో ఉన్నవాళ్ళను ముందు తీసుకెళ్తారు. వరస ఉండదు. కూర్చున్నాక పరిస్థితి మారితే, నొప్పి పెరిగినా మాట తడబడినా, లేచి వెళ్ళి మళ్ళీ చెప్పండి. మొహమాటం వద్దు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఆసుపత్రి ఉచితంగా ఇవ్వాలి, ఎక్కువగా ఫోన్‌లోనో స్క్రీన్ మీదో కలుపుతారు. మీకు ఇంగ్లీషు బాగా వచ్చినా అత్తయ్య కోసం అడగండి. కోడలి ముందు, కొడుకు ముందు పెద్దవాళ్ళు కొన్ని విషయాలు చెప్పరు: రక్తం పడుతోందని, మూత్రం ఆగడం లేదని, మాత్రలు నెల క్రితమే మానేశారని. బయటి మనిషి తెలుగులో అడిగితే చెప్తారు.

10. డబ్బు గురించి

1986 నాటి ఎమ్టాలా చట్టం ప్రకారం మెడికేర్ (పెద్ద వయసువాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకునే ఆసుపత్రుల ఈఆర్‌లో ఎవరొచ్చినా, ఇన్సూరెన్స్ లేకపోయినా, వీసా ఏదైనా, పరీక్షించి, ప్రమాదముంటే నిలకడ చేసే వైద్యం చేయాలి. డబ్బు ముందు కట్టమని దాన్ని ఆపకూడదు. మామూలు అర్జెంట్ కేర్‌కి ఈ బాధ్యత లేదు.

ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్స్ ఉంటే, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల నెట్‌వర్క్‌లో లేని (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేని) ఈఆర్‌కి వెళ్ళినా మీ వాటా నెట్‌వర్క్ లెక్కలోనే ఉండాలి. అంటే ప్రాణం మీదకొచ్చినప్పుడు ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో వెతకాల్సిన పని లేదు. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌కి మాత్రం ఈ చట్టం వర్తించదు. ఛాతీనొప్పితో వెళ్తే చివరికి గ్యాసే అని తేలిందనుకోండి, ఆ కారణంతో ఇన్సూరెన్స్ ఎగ్గొట్టకూడదు. మామూలు మనిషికి ఆ లక్షణాలు ఎమర్జెన్సీ అనిపిస్తాయా అన్నదే కొలమానం. తిరస్కరిస్తే అప్పీల్ చేయండి.

అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఈ రక్షణలు ఉండవు. వాళ్ళు రాకముందే పాలసీ చదవండి. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబడితే కవర్ అవుతుందా, అయితే ఎన్ని గంటల్లో వైద్యానికి వెళ్ళాలి అనేది చూడండి. చాలా పాలసీల్లో 24 గంటలు అని ఉంటుంది. "మీకెందుకమ్మా ఖర్చు, పొద్దున చూద్దాంలే" అని రెండు రోజులు ఓర్చుకున్న నాన్నగారి క్లెయిమ్ ఆ ఓర్పు వల్లే పోవచ్చు. అడ్మిట్ కాకుండా ఈఆర్ నుంచి తిరిగొస్తే అదనపు డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) వేసే పాలసీలూ ఉన్నాయి.

బిల్లు రాగానే కట్టేయకండి. దేనికెంతో విడివిడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ (బిల్లు కట్టలేనివాళ్ళకు సాయం) ఉండి తీరాలి, మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చు. విజిటర్లకు వర్తిస్తుందో లేదో ఆ ఆసుపత్రి పాలసీని బట్టి ఉంటుంది, అడిగి చూడండి.

11. ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జ్ కాగితాల మీద ఏ లక్షణాలొస్తే మళ్ళీ రావాలో రాసి ఉంటుంది. నర్సు వెళ్ళకముందే ఆ భాగం చదివి, అర్థం కానిది అడగండి. ఏ పరీక్షల ఫలితాలు ఇంకా రావాలి, అవి ఎవరు చెప్తారు, ఎన్ని రోజుల్లో ఏ డాక్టర్‌ని చూడాలి, పాత మాత్రల్లో ఏవి ఆపాలి అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి. ఈఆర్ వాళ్ళు ప్రాణాపాయం లేదని తేల్చి పంపుతారు, అసలు జబ్బేమిటో తేల్చాల్సిన పని చాలాసార్లు మిగిలే ఉంటుంది.

అమ్మానాన్నలు తిరిగి ఇండియా వెళ్ళేవాళ్ళయితే మెడికల్ రికార్డ్స్ విభాగంలో డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు, ఈకేజీ, స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. టికెట్ తేదీకి కనీసం రెండు వారాల ముందు అడిగితే మంచిది. అక్కడి డాక్టర్‌గారికి రిపోర్టు కాగితం ఒక్కటే చాలకపోవచ్చు, స్కాన్ బొమ్మలు కూడా అడుగుతారు.